కంట్లంలో ఆసుపత్రి: డాక్టర్ నార్మన్ బెతూన్ జీవితం

ఉత్తర చైనా కొండపల్లెల్లో పొలానికి పెంట తోలాలంటే బండ్లు నడవవు. దారులు ఇరుకు. అందుకని అక్కడి రైతులు గాడిద వీపు మీద అడ్డంగా కట్టె చట్రం వేసి, అటొక గంప ఇటొక గంప తగిలించి ఎరువు మోసేవారు. వెనకటి రోజుల్లో మన దగ్గర లంబాడీలూ పెరికవాళ్ళూ ఎద్దుల మీద ఉప్పు మోసిన కంట్లాల వంటిదే అది.

1939లో ఒక కెనడా డాక్టరు ఆ గంపల్ని చూశాడు. పెంట మోసే చట్రం మందులు మాత్రం ఎందుకు మోయదన్న ఆలోచన వచ్చింది. వడ్రంగి చేత అదే ఆకారంలో, అరలూ సొరుగులూ పెట్టించి, చెక్క పెట్టెల జత ఒకటి చేయించాడు. అది కంచరగాడిద వీపుకెక్కిందంటే ఆసుపత్రి బయల్దేరినట్టే. వంద ఆపరేషన్లకూ, ఐదువందల కట్లకూ, ఐదువందల మందు చీటీలకూ సరిపడే సామాను అందులో పట్టేది.

ఆ డాక్టరు పేరు నార్మన్ బెతూన్. అంతకు కొద్ది సంవత్సరాల ముందు ఆయన మాంట్రియల్ నగరంలో పేరుమోసిన సర్జన్. అంత పెద్ద డాక్టరు పెంటగంపల దగ్గర పాఠం నేర్చుకునే స్థితికి ఎలా వచ్చాడు? మన కూలీ జనం తెలుసుకోదగిన విషయం కాబట్టి మొదటినుంచీ చెప్పుకుందాం.

కలప కూలీల మధ్య

బెతూన్ 1890 మార్చిలో కెనడాలోని ఆంటారియో రాష్ట్రం, గ్రేవెన్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మత బోధకుడు. తాత, ఆయన పేరూ నార్మన్ బెతూనే, టొరంటోలో సర్జన్. మనవడికి తాత వృత్తి మీదే మనసు పోయింది.

చదువు మధ్యలో ఆపి 1911లో ఉత్తర ఆంటారియో అడవుల్లో కలప కొట్టే శిబిరాలకు పోయాడు. పగలంతా కూలీలతో సమానంగా గొడ్డలి పట్టడం, రాత్రి దీపం పెట్టుకుని అదే కూలీలకు అక్షరాలు నేర్పడం ఆయన పని. వాళ్ళలో చాలామంది ఇంగ్లీషు రాని వలస కార్మికులు. చేతులు కాయలు కాచిన మనుషుల దగ్గర ఎంత తెలివి ఉంటుందో ఆయన మొట్టమొదట చూసింది అక్కడే.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. బెతూన్ గాయపడ్డవాళ్ళను మోసే జట్టులో చేరి ఫ్రాన్సు, బెల్జియం యుద్ధరంగాలకు వెళ్ళాడు. 1915లో ఈప్ర వద్ద ఫిరంగి గుండు ముక్క కాలికి తగిలి ఇంటిదారి పట్టాడు. మరుసటి సంవత్సరం టొరంటోలో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు.

ఊపిరితిత్తుల జబ్బు నేర్పిన పాఠం

యుద్ధం తర్వాత అమెరికాలోని డెట్రాయిట్‌లో ప్రాక్టీసు పెట్టాడు. పెద్దవాళ్ళు ఫీజులిచ్చేవారు. పేదవాళ్ళు ఇవ్వలేకపోయేవారు, పైగా జబ్బు ముదిరాక గానీ వచ్చేవారు కారు. అంతలో ఆయనకే క్షయ వచ్చింది. 1926లో న్యూయార్క్ రాష్ట్రంలో సారనాక్ లేక్ వద్ద ఉన్న శానిటోరియంలో చేరాడు.

ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. మంచి తిండి, మంచి గాలి, మంచం మీద విశ్రాంతి, అంతే. అక్కడి గ్రంథాలయంలో చదువుతూ ఒక పద్ధతి గురించి తెలుసుకున్నాడు. సూదితో రొమ్ము గోడకూ ఊపిరితిత్తికీ మధ్య గాలి ఎక్కిస్తే జబ్బు పడ్డ ఊపిరితిత్తి ముడుచుకుని కదలకుండా ఉంటుంది. విరిగిన చేతికి దబ్బలు కట్టినట్టే దానికీ విశ్రాంతి దొరికి పుండు మానుతుంది. ప్రమాదం ఉన్నదని డాక్టర్లు వెనకాడినా, తనకే చెయ్యమని పట్టుబట్టి చేయించుకున్నాడు. కొద్ది నెలల్లో లేచి నడిచాడు.

అయితే ఆయన దాంతో తృప్తి పడలేదు. తాను డాక్టరు కాబట్టీ, శానిటోరియంలో నెలల తరబడి పడుకునే వీలుంది కాబట్టీ బతికాడు. రోజుకూలి మానితే పొయ్యి వెలగనివాడు విశ్రాంతి ఎలా తీసుకుంటాడు? చీకటి గుడిసెలో పదిమంది పడుకునే ఇంట్లో మంచి గాలి ఎక్కడిది? క్షయను పుట్టించేది సూక్ష్మజీవే అయినా దాన్ని పెంచి పోషించేది దరిద్రమేనన్న నిర్ణయానికి ఆయన వచ్చింది ఈ దారినే.

చెప్పులు కుట్టేవాడి పనిముట్టు

1928లో మాంట్రియల్ వెళ్ళి ఊపిరితిత్తుల శస్త్రచికిత్స నేర్చుకున్నాడు. తర్వాత ఆ నగరం పక్కనే ఉన్న సాక్రే కర్ ఆసుపత్రిలో ఆ విభాగానికి పెద్ద అయ్యాడు. ఆపరేషను బల్ల దగ్గర ఆయనకు ఓపిక తక్కువ. పనిముట్టు చేతికి సరిగా అమరకపోతే విసిరికొట్టేవాడు. విసిరికొట్టి ఊరుకోకుండా, రాత్రి కూచుని దానికంటే మెరుగైనది గీసేవాడు.

క్షయ ముదిరినవాళ్ళకు ఆ కాలంలో కొన్ని పక్కటెముకలు కత్తిరించి తీసేవారు. అప్పటికున్న కత్తెరలకు బలం చాలక సర్జను మణికట్టు నొప్పెట్టేది, రోగికి ఆలస్యమయ్యేది. చెప్పులు కుట్టేవాడు బూటు అడుగున మేకుల్ని పొడవు పిడుల కత్తెరతో సునాయాసంగా తుంచడం చూసి, ఆ అమరికనే పక్కటెముకల కత్తెరకు తెచ్చాడని చెబుతారు. బెతూన్ పేరు పెట్టుకున్న ఆ కత్తెర నేటికీ శస్త్రచికిత్స పరికరాల్లో కనిపిస్తుంది. ఆపరేషను సాగుతున్నంతసేపూ రెక్క ఎముకను ఎత్తి పట్టుకోవడానికి ఒక కుర్ర డాక్టరు చేతులు నొప్పెట్టేలా నిలబడవలసి వచ్చేది. ఆ పని చేసే ఇనుప చెయ్యి ఒకటి తయారుచేసి, సరదాగా దాన్ని ఇనుప కుర్రడాక్టరు అని పిలిచాడు.

అదే సమయంలో ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం. మాంట్రియల్ వీధుల్లో పనిలేని కార్మికులు బారులు తీరారు. తాను ఆపరేషను చేసి బాగుచేసిన రోగులు ఆ గుడిసెలకే తిరిగిపోయి మళ్ళీ జబ్బుతో వస్తున్నారు. పనిలేనివాళ్ళకు ఉచితంగా వైద్యం చెయ్యడం మొదలుపెట్టాడు. 1935లో శరీరధర్మ శాస్త్రజ్ఞుల మహాసభకు లెనిన్‌గ్రాడ్ వెళ్ళి, సోవియట్ ప్రభుత్వం క్షయను ఎలా ఎదుర్కొంటున్నదో స్వయంగా చూశాడు. ఆ సంవత్సరమే కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1936లో కొందరు డాక్టర్లనూ నర్సులనూ కూడగట్టి, వైద్యాన్ని అందరికీ ప్రభుత్వమే అందించాలని ప్రణాళిక ప్రకటించాడు. తోటి డాక్టర్లలో ఎక్కువమంది మొహం తిప్పుకున్నారు. వైద్యం వ్యాపారంగా ఉన్నంతకాలం అది రోగి కోసం కాక రాబడి కోసం నడుస్తుందని చెబితే వాళ్ళకెలా రుచిస్తుంది?

రక్తం సీసాలో పెట్టి

1936 జూలైలో స్పెయిన్‌లో సైన్యాధిపతి ఫ్రాంకో ప్రజాప్రభుత్వంపై తిరుగుబాటు చేశాడు. ఆ శరత్కాలంలోనే బెతూన్ ఉద్యోగం వదిలి మాడ్రిడ్ చేరాడు. గాయపడ్డవాళ్ళు ఆసుపత్రికి చేరేలోగానే రక్తం కారిపోయి చనిపోవడం చూశాడు. మనిషిని రక్తం దగ్గరికి తేవడానికి బదులు రక్తాన్నే మనిషి దగ్గరికి తీసుకుపోవాలన్నది ఆయన ఆలోచన. మాడ్రిడ్ ప్రజలు ఇచ్చిన రక్తాన్ని, గడ్డకట్టకుండా సోడియం సిట్రేటు కలిపి, సీసాల్లో చల్లగా నిలవచేసి, మోటారు వ్యానులో యుద్ధరంగానికి చేర్చారు. బార్సెలోనాలో డాక్టర్ డురాన్ జోర్డా ఇటువంటి పనే అప్పటికే ప్రారంభించి ఉన్నాడు. ఇద్దరి పనీ కలిసి, రణరంగంలో రక్తం ఎక్కించడం సాధ్యమేనని ప్రపంచానికి రుజువు చేసింది.

1937 ఫిబ్రవరిలో మాలగా నగరం ఫాసిస్టుల చేతిలో పడింది. ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ వేల సంఖ్యలో సముద్రతీరం వెంట అల్‌మేరియా దాకా కాలినడకన పారిపోతున్నారు. వాళ్ళ మీద ఆకాశం నుంచి బాంబులు, సముద్రం నుంచి గుళ్ళు. బెతూన్ తన వ్యానులోంచి సామాను దించేసి, పిల్లల్నీ తల్లుల్నీ ఎక్కించుకుని రాత్రింబవళ్ళు తిప్పాడు.

ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు లోపాలు దాచనక్కర్లేదు. మాటదురుసు, తాగుడు, ఎవరి అదుపులోనూ ఇమడని తత్వం ఉండేవి. స్పెయిన్‌లో తోటివాళ్ళతో పొసగక 1937 వేసవిలో తిరిగి వెళ్ళవలసి వచ్చింది. కెనడాలో ఊరూరా తిరిగి స్పెయిన్ కోసం చందాలు పోగుచేశాడు. ఆ జూలైలోనే జపాను సైన్యం చైనా మీద విరుచుకుపడింది.

కొండల్లో ఏమున్నది?

1938 జనవరిలో వాంకోవర్‌లో ఓడెక్కి, మార్చి నెలాఖరుకు యెనాన్ చేరాడు. మావో సే టుంగ్‌ను కలిశాడు. అక్కడ ఆగిపోక, జపాను సేనల వెనకభాగంలో గెరిల్లాలు పోరాడుతున్న షాన్సీ–చాహర్–హోపే సరిహద్దు కొండలకు పోయాడు. నెలకు వంద యువాన్ల భత్యం ఇవ్వబోతే వద్దని, గాయపడ్డవాళ్ళ ఖర్చుకు వాడమన్నాడు.

అక్కడేమున్నది? కరెంటు లేదు. ఎక్స్‌రే లేదు. మత్తుమందు చాలదు. గాజుగుడ్డ ఉతికి మళ్ళీ వాడాలి. చేతి తొడుగులు అరుదు. చదువుకున్న డాక్టర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. నెలల తరబడి మానని చీము పుండ్లతో సైనికులు మట్టి అరుగుల మీద పడున్నారు. ఇలాంటిచోట కొందరు ఏమంటారో మనకు తెలుసు: సామాను లేదు, మేమేం చెయ్యగలం అంటారు. బెతూన్ ఊళ్ళో ఎవరెవరు ఏయే పనులు చేస్తారని అడిగాడు.

వడ్రంగుల చేత విరిగిన కాళ్ళకూ చేతులకూ దబ్బలు చేయించాడు. కమ్మరుల చేత థామస్ దబ్బ కొట్టించాడు. తొడ ఎముక విరిగినవాడికి అది ప్రాణదాత. తొడ మొదలు దగ్గర ఇనుప వలయం, కాలికి ఇరుపక్కలా కడ్డీలు, కింద పాదాన్ని లాగి కట్టడానికి వీలు. ఎముక ముక్కలు లోపల కండను కోసెయ్యకుండా లాగి పట్టి ఉంచుతుంది కాబట్టి మనిషిని కదిలించినా ప్రమాదం తగ్గుతుంది. దాన్ని కనిపెట్టిన లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్, మన పుత్తూరు కట్టు వాళ్ళలాగా తరతరాలుగా ఎముకలు కట్టే పల్లెటూరి కుటుంబంలోనివాడు. కొలిమి ఉన్న ప్రతి ఊళ్ళోనూ చెయ్యగల పనిముట్టు అది.

ఇంటి తలుపు ఊడదీసి బల్లగా పెడితే ఆపరేషను గది అయ్యేది. ఊరి గుడి వార్డు అయ్యేది. కట్టు రోజూ మార్చే వీలు లేదు కాబట్టి బిస్మతు, అయొడోఫారం, పారఫిన్ కలిపిన లేపనం గాయానికి పట్టించేవాడు. చచ్చిన కండను శుభ్రంగా కోసేసి ఈ లేపనం పెడితే, గాయపడ్డవాణ్ణి కొండలు దాటించే నాలుగు రోజులూ కట్టు విప్పకపోయినా ఫరవాలేదు.

మాడ్రిడ్‌లోలాగా రక్తం నిలవచెయ్యడానికి చల్లపెట్టెలు లేవు. అయితే జనం ఉన్నారు. రక్తమిస్తే చస్తామని ఊరివాళ్ళు భయపడ్డారు. బెతూన్ అందరి ఎదుటా బల్ల మీద పడుకుని తన రక్తమే ఇచ్చాడు. ఇచ్చి లేచి మళ్ళీ ఆపరేషనుకు నిలబడ్డాడు. ఆ తర్వాత పల్లెల్లో రక్తమిచ్చే దళాలు ఏర్పడ్డాయి. కరెంటుతో నడిచే రక్తనిధి లేనిచోట ఊరే రక్తనిధి అయింది.

ఒక తప్పు, ఒక దిద్దుబాటు

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బెతూన్ మొదట స్థిరమైన ఆసుపత్రే కావాలని పట్టుబట్టాడు. ఊటై కొండల్లోని సోంగ్‌యాన్‌కౌ గ్రామంలో ఊరివాళ్ళంతా చెమటోడ్చి ఆదర్శ ఆసుపత్రి కట్టారు. 1938 సెప్టెంబరు 15న ప్రారంభోత్సవం చేశారు. కొద్ది వారాల్లోనే జపాను సైన్యం వచ్చి దాన్ని నేలమట్టం చేసింది.

పాఠం తీసుకున్నాడు. గెరిల్లాలు ఎక్కడుంటే ఆసుపత్రి అక్కడికి పోవాలి, పారిపోవలసి వస్తే నిమిషాల మీద మూటగట్టుకోగలగాలి. మొదట చెప్పుకున్న కంట్లం ఈ అవసరంలోంచే పుట్టింది. మధ్యలో వంపు తిరిగి వంతెనలాగా ఉంటుంది గనుక దానికి లూగో వంతెన అని పేరు పెట్టారు. 1937 జూలైలో జపాను యుద్ధం మొదలైంది ఆ వంతెన దగ్గరే.

1939 ఏప్రిల్‌లో హోపే మైదానంలోని చీహుయి వద్ద పోరాటం జరిగినప్పుడు, యుద్ధరంగానికి కొద్ది దూరంలో ఉన్న చిన్న గుడిలో బెతూన్ దళం 69 గంటలపాటు ఆగకుండా 115 మందికి ఆపరేషను చేసింది. ఆ మైదానంలో నాలుగు నెలలు తిరిగి 315 ఆపరేషన్లు చేశారు. దెబ్బ తగిలినవాడు ఎంత తొందరగా బల్ల మీదికి వస్తే అంత బతుకుతాడన్నది ఆయన లెక్క.

నాటుగా చేసిన పనిముట్టు అయినా పని నాటుగా ఉండడానికి ఒప్పుకునేవాడు కాదు. గుడ్డ ఉడకబెట్టకపోయినా, దబ్బ సరిగా కట్టకపోయినా అరిచేవాడు. మళ్ళీ తానే పక్కన నిలబడి నేర్పేవాడు. రైతు బిడ్డల్ని నర్సులుగా, కట్లు కట్టేవాళ్ళుగా తయారుచేశాడు. తాను పోయినా పని ఆగకూడదని, గెరిల్లా యుద్ధంలో ఆసుపత్రిని ఎలా నడపాలో బొమ్మలు గీసి పుస్తకం రాసిపెట్టాడు. ఏ పరికరాన్ని ఏ కొలతతో చెయ్యాలో వడ్రంగికి అర్థమయ్యేటట్టు రాశాడు.

ఒక జత తొడుగులు

1939 శరత్కాలంలో మందులకూ డబ్బుకూ కెనడా వెళ్ళిరావాలనుకున్నాడు. అంతలో జపాను సైన్యం కొత్త దాడి ప్రారంభించడంతో ప్రయాణం ఆపుకున్నాడు. అక్టోబరు చివర ఒక చిన్న గుడిలో తొందర తొందరగా ఆపరేషను చేస్తుండగా ఎడమచేతి వేలు తెగింది. అది పెద్ద గాయం కాదు. తర్వాత కొద్ది రోజులకు, ఒళ్ళంతా విషమెక్కిన రోగికి తొడుగులు లేని చేతులతోనే ఆపరేషను చేశాడు. ఆ చీము తెగిన వేలిలోంచి రక్తంలోకి పాకింది.

పెన్సిలిన్ రోగుల చేతికి రావడానికి ఇంకా కొన్నేళ్ళు ఉన్నది. సల్ఫా మందులు లోకంలో ఉన్నా, శత్రు దిగ్బంధంలో ఉన్న ఆ కొండలకు చేరలేదు. జ్వరంతోనే యుద్ధరంగం వైపు నడిచాడు. నడవలేకపోతే మోసుకొచ్చారు. 1939 నవంబరు 12 తెల్లవారుజామున తాంగ్ జిల్లాలోని హువాంగ్‌షికౌ గ్రామంలో, ఒక రైతు ఇంట్లో కన్నుమూశాడు. వయసు 49 ఏళ్ళు. ఆ డిసెంబరులో మావో ఆయన స్మృతికి రాసిన వ్యాసాన్ని చైనాలో కోట్లమంది చదివారు.

ఆయన వదిలిన కత్తి పట్టుకున్నవాడు మన దేశస్థుడే. 1938లో భారత జాతీయ కాంగ్రెసు చైనాకు పంపిన ఐదుగురు డాక్టర్లలో ఒకడైన ద్వారకానాథ్ కోట్నిస్. నిజాం ఇలాకా నుంచి వలసపోయిన మన పద్మశాలీ నేతగాళ్ళు మగ్గాలు పెట్టుకున్న షోలాపూర్ ఆయన సొంత ఊరు. 1941లో ఆ కొండల్లోనే బెతూన్ పేరిట ఉన్న అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి మొదటి అధిపతి అయ్యాడు. 1942 డిసెంబరు 9న 32 ఏళ్ళకే చనిపోయాడు. ఇద్దరి సమాధులూ ఇప్పుడు షిజియాజ్వాంగ్ నగరంలోని అమరవీరుల వనంలో ఉన్నాయి.

బెతూన్ కథను రెండు విధాలుగా చెప్పుకోవచ్చు. తలుపు చెక్క మీద కూడా ఆపరేషను చెయ్యవచ్చు కదా, పల్లెటూళ్ళకు ఇంకా ఆసుపత్రులెందుకు అనేవాళ్ళు కూడా ఉంటారు. పేదవాడికి పేద వైద్యం చాలునని వాళ్ళ వాదన. వాళ్ళకు ఆయన చావే జవాబు. కమ్మరి దబ్బ కొట్టగలిగాడు, వడ్రంగి కంట్లం చెయ్యగలిగాడు గానీ, రబ్బరు తొడుగులు ఆ ఊళ్ళో ఎవ్వరూ చెయ్యలేకపోయారు. అవి ఫ్యాక్టరీ నుంచి, మందుల కొట్టు నుంచి, ప్రభుత్వ బండి మీద రావలసినవి. ఒక జత తొడుగులు లేకపోవడం వల్ల అంతటి సర్జన్ పోయాడు.

కాబట్టి మనం రెండో విధంగా చెప్పుకుందాం. సామాను లేదన్న సాకుతో రోగిని వదిలెయ్యకూడదు. ఊళ్ళో ఉన్న చేతులన్నిటినీ కూడగట్టి చెయ్యగలిగినదంతా చెయ్యాలి. అలా చేస్తూనే, రావలసిన సామాను కోసం అడగడం మానకూడదు. బెతూన్ పెంటగంపను ఆసుపత్రి చేశాడు, ఆ చేత్తోనే మందులు కావాలని దేశదేశాలకు ఉత్తరాలు రాస్తూ పోయాడు. మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొడవలి తెగిన చేతికి కుట్టు వెయ్యడానికి దారం, తొడుగులు ఉన్నాయో లేదో రేపు పొద్దున పోయి అడిగితే, మనం ఆయన పనిలో చెయ్యి వేసినట్టే.